పని చేసే వీపు

మా చెల్లెలు అమోకో జర్మనీ నుంచి దిగిన రోజు, ఆమె కూతురు నోర్లే ఆమెను దాటుకుని వెళ్లి అలమారలోని ఫోను ముందు నిలబడింది.

"అమ్మేదీ?" అని అడిగింది నేనే. పదమూడు నెలలుగా రోజూ సాయంత్రం అడుగుతున్న ప్రశ్నే అది. తల్లి ఎదురుగానే ఉంది. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాచింది. విమానంలో వేసుకున్న ఉన్ని కోటు ఇంకా విప్పలేదు, మా తెషీ ఊరి ఎండకి మెడంతా చెమట కారుతోంది. నోర్లే ఆ చేతుల కింద నుంచి దూరి, తప్పటడుగులు వేసుకుంటూ అలమార దగ్గరికి పోయింది. పాలపొడి డబ్బాకి ఆనించి పెట్టిన నా ఫోనుకేసి వేలు చూపించి "మ్మ" అంది. చేతిలో నానిన కెంకే ముక్కని, నేను వండి అమ్మే పులిసిన మొక్కజొన్న పిండి ముద్దని, దాని అద్దానికి రాసింది.

వాకిట్లో కెంకే కొనడానికి వచ్చినవాళ్లు ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. అమోకో కూడా నవ్వింది గానీ, చాచిన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండిపోయింది.

తప్పు నాది. నోర్లే హాంబర్గ్‌లో పుట్టింది. అమోకో అక్కడ ముసలివాళ్లని చూసుకునే ఇంట్లో పని చేస్తుంది, ఆమె మొగుడు లారియాది రేవులో గిడ్డంగి పని. ఒకరు పని నుంచి వచ్చేసరికి ఇంకొకరు పోవాలి. మూడో నెలలో పిల్లని తెచ్చి నా ఒళ్లో పెట్టి, పాలింకడానికి మాత్రలు వేసుకుని వెనక్కి పోయింది. అలా పెద్దమ్మల దగ్గరో అమ్మమ్మల దగ్గరో పెరిగే పిల్లలు మా వాడలో ఇంటికొకరు ఉంటారు. నా కొడుకులిద్దరూ పెద్దవాళ్లై టెమాలో పని చూసుకున్నారు. నాకు పొయ్యి, తెడ్డు, కెంకే తప్ప వేరే సందడి లేదు. పిల్ల తల్లిని మరిచిపోకూడదని రోజూ ఏడింటికి ఫోను మోగగానే ముందు కూర్చోబెట్టేదాన్ని. "అమ్మకి ముద్దు పెట్టు. అమ్మకి ఆం పెట్టు" అని నేర్పాను. అది రోజూ తను తినే ముద్దలో సగం అద్దానికి పూసేది. ఫోనులో అమోకో నోరు తెరిచి "ఆం" అనేది. మేమంతా చూసి మురిసిపోయేవాళ్లం. అమ్మంటే అరచేతిలో పట్టేంత మొహమని, కాసేపు వెలిగి ఆరిపోతుందని పిల్ల అనుకుంటే అందులో దాని తప్పేముంది?

అమోకోకి పన్నెండు రోజుల సెలవు. పన్నెండో రోజు, ఆదివారం సాయంత్రం, పిల్లతో విమానం ఎక్కాలి. నోర్లే కడుపులో ఉండగానే అక్కడి పిల్లల బడిలో పేరు రాయించారు. ఇన్నాళ్లకి ఒకటో తారీకు నుంచి చోటు దొరికింది. ఆ రోజుకి పిల్ల అక్కడ లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట.

"పన్నెండు రోజులు చాలక్కా. నా రక్తమే కదా, రాకుండా ఎక్కడికి పోతుంది?" అంది మొదటి రోజు.

వచ్చేటప్పుడు మూడు చక్రాల పిల్లల బండి ఒకటి తెచ్చింది. గొడుగుంది, సీసా పెట్టుకోవడానికి సంచి ఉంది. మా సందులో ఇసక చక్రాల సగం దాకా వస్తుంది. ఇద్దరు పట్టుకుని ఎత్తుకుంటూ మంచినీళ్ల కుళాయి దాకా తీసుకెళ్లి, ఇద్దరు పట్టుకుని వెనక్కి తెచ్చారు. పిల్ల ఆ దారి పొడుగునా నా మెడ పట్టుకునే ఉంది. మర్నాటి నుంచి అందులో కోడి పడుకోవడం మొదలుపెట్టింది.

రెండో రోజు పిల్లకి నీళ్లు పోస్తూ నడుముకున్న పూసల దండ వేలితో తడిమింది అమోకో. "ఇది నేను కట్టినదేనా?"

"పూసలు నువ్వు కట్టినవే. దారం నాలుగుసార్లు మార్చాను. బిగుసుకున్నప్పుడల్లా ఇంకో పది పూసలు ఎక్కించాను."

"నాలుగుసార్లు" అని మెల్లగా అనుకుంది. నోర్లే ఆ చేతిని తోసేసి నాకేసి చేతులు చాచింది.

అసలు గొడవ వీపుతో వచ్చింది. మా పిల్లలు మెలకువగా ఉంటే నేల మీద, నిద్రొస్తే వీపు మీద. అమోకో వంగి, పిల్లని వీపు మీద వేసుకుని గుడ్డ చుట్టబోయేది. నా వీపు మీద కప్పపిల్లలా అతుక్కునే పిల్ల, తల్లి వీపు మీద చెక్కలా బిగుసుకుని కిందికి జారిపోయేది. అమోకో గుడ్డ బిగించి, నిలబడి, అటూ ఇటూ ఊగుతూ, మెడ తిప్పి తిప్పి పిల్ల మొహం చూసేది. ఆ మొహం కనబడగానే నోర్లే ఇంకా గట్టిగా అరిచేది.

బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లని మా ఊళ్లో బోర్గా అంటారు. కెంకే కోసం వచ్చే ఆడవాళ్లకి మంచి కాలక్షేపం దొరికింది.

"ఏం బోర్గా, నీ వీపు మీద మంచు ఇంకా కరగలేదా?"

"పిల్ల వీసా అడుగుతోందేమో, చూపించమ్మా!"

అమోకో వాళ్లతో పాటు నవ్వేసేది. తర్వాత లోపలికి పోయి చాలాసేపు బయటికి వచ్చేది కాదు.

నాలుగో రోజు నేను మర దగ్గర మొక్కజొన్నలు పట్టించుకుని వచ్చేసరికి ఇంట్లో బట్టలన్నీ ఉతికి తీగ మీద ఆరేసి ఉన్నాయి. పిల్లని కట్టుకునే నా పసుపు గుడ్డ కూడా. అక్కడి నుంచి తెచ్చిన పూల వాసన నీళ్లలో ముంచిందట. ఆరబెట్టిన బట్టల మీద ఈగ గుడ్లు పెడుతుందని, ఆ పురుగు ఒంట్లోకి దూరుతుందని మేము ఇస్త్రీ చేయకుండా ఏదీ కట్టుకోం. ఆ సంగతి మరిచిపోలేదు, మడతలు కత్తిలా నిలబడేలా ఇస్త్రీ చేసి పెట్టింది. నిద్రవేళకి పిల్లని ఆ గుడ్డలో కట్టుకోబోతే అది గుడ్డ వాసన చూసి, రెండు చేతులతో తోసి, ఊపిరి బిగబట్టి ఏడ్చింది.

"ఎంత పని చేశానక్కా" అంది అమోకో. "శుభ్రంగా ఉంటే బాగుంటుందనుకున్నాను."

"పోనీలే, ఇటివ్వు." నేను పొయ్యి దగ్గర వాడే పాత నీలం గుడ్డలో పిల్లని కట్టుకున్నాను. తెడ్డు పట్టుకుని పిండి కలుపుతుంటే రెండు నిమిషాల్లో నిద్రపోయింది. దాని కుడి చెంప నా వీపుకి ఆనుకుని ఉంది. అమోకో గడపలో కూర్చుని చూస్తోంది. నాకు చెల్లెలి మీద జాలేసింది. సంతోషం కూడా వేసింది. ఆ రెండింట్లో ఏది ఎక్కువని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే అబద్ధమే చెప్పేదాన్ని.

ఆరో రోజు అంతకంటే చెడ్డ పని చేశాను. మధ్యాహ్నం ఎండకి పిల్ల బాగా అలిసిపోయింది. అమోకో వీపు మీద ఏడ్చి ఏడ్చి, వెక్కిళ్లు తగ్గి, తల వాల్చింది. రెప్పలు మూతపడుతున్నాయి. నేను వాళ్ల వెనక చాప మీద కూర్చుని కెంకే చుట్టే ఎండాకులు నీళ్లలో నానేస్తున్నాను. కదలకుండా ఉంటే సరిపోయేది. లేచి, ముందుకి వచ్చి, "పడుకుందా?" అని అడిగాను, మామూలుగా అడగాల్సిన దానికంటే గట్టిగా. నోర్లే తలెత్తింది. నన్ను చూసి చేతులు చాచి కేక పెట్టింది.

చూరు కింద బల్ల మీద మా అమ్మమ్మ చెల్లెలు డేడే అవ్వ కూర్చుని ఉంది. ఈ పొయ్యి ఒకప్పుడు ఆవిడదే. ఇప్పుడు కళ్లు సరిగా కనపడవని అంటుంది గానీ చూడాల్సినవన్నీ చూస్తుంది. అమోకో పిల్లని నాకిచ్చి లోపలికి పోయాక, నన్ను దగ్గరికి పిలిచింది.

"పడుకుందో లేదో నిద్రలేపి కనుక్కోవాలా ఏమే?"

నేను పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను.

"పాలు మాన్పించాలంటే తల్లి ఏం చేస్తుంది?"

"నాలుగు రోజులు ఎవరింటికైనా పోతుంది."

"మరి నువ్వింకా ఇక్కడే ఉన్నావేం?"

"నేను పాలిచ్చానా అవ్వా? ఒక్క చుక్కైనా ఇచ్చానా?"

"ఇవ్వకపోతేనేం, మాన్పించాల్సింది నీకే." ముక్కుపొడుం చిటికె పీల్చి తుమ్మింది. "పిల్లక్కాదు. నీకు."

శనివారం చావు భోజనాలు పెట్టేవాళ్లకి నాలుగు వందల కెంకేలు ఇస్తానని ఒప్పుకున్నానని చెప్పాను. పిండి ఇంకా పులవాలని చెప్పాను. ప్రాంప్రాం‌లో మా పినతండ్రి కూతురి ఇంట్లో చోటు లేదేమోనని కూడా చెప్పాను. అవ్వ అన్నిటికీ తలూపింది, ఒక్కటీ నమ్మలేదు.

తొమ్మిదో రోజు, గురువారం తెల్లవారుజామున, పొయ్యి ముట్టించి సగం పిండిని కుండలో ఉడికిస్తున్నాను. ఉడికిన పిండిని మిగతా పచ్చి పిండిలో కలిపేదాకా తెడ్డు ఆపడానికి లేదు. నోర్లే నా వీపు మీదుంది. అమోకో వచ్చి ఎదురుగా పీట వేసుకుంది.

"అక్కా, ఒక మాట అడుగుతాను, తిట్టకు."

"అడుగు."

"ఇంకో ఏడాది నీ దగ్గరే ఉంచుకుంటావా?"

తెడ్డు ఆగింది. పిండి అడుగంటుతున్న వాసన వచ్చేదాకా అది ఆగిందని నాకు తెలియలేదు.

"చోటు పోతుందిగా" అన్నాను.

"పోనీ. మళ్లీ రాయిస్తాం. విమానంలో పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని నా బెల్టుకి దాని బెల్టు తగిలించాలట. నా ఒళ్లోకే రాదు కదా అది. ఆరు గంటలు కట్టేసి ఎలా తీసుకుపోను? అందరూ చూస్తుంటారు. ఎవరి పిల్లనో ఎత్తుకుపోతున్నాననుకుంటారు." ముక్కు తుడుచుకుంది. "లారియాకి నేను చెప్పుకుంటాలే. ఉయ్యాల మంచం కొన్నాడు, గోడకి రంగేశాడు. చెప్పుకుంటాను."

"సరే" అనే మాట నా నాలుక చివరే ఉంది. ఇన్ని రోజులూ దేని కోసం ఎదురుచూస్తున్నానో అప్పుడు తెలిసింది. పిల్లని నా చేతులతో నేను లాక్కోలేదు, చెల్లెలే తనంతట తను ఇస్తోంది. ఎవరూ నన్నొక మాట అనరు. ఫోనులో రోజూ ఏడింటికి అమోకో నోరు తెరిచి "ఆం" అంటుంది, నోర్లే అద్దానికి ముద్ద పూస్తుంది. వచ్చే ఏడు అమోకో మళ్లీ దిగితే, పిల్ల ఆమెను దాటుకుని పోవడానికి ఇప్పటికంటే వేగంగా నడుస్తుంది.

పిండి మాడుతోంది. "ఈ తెడ్డు పట్టుకో" అన్నాను.

"ఏంటి?"

"పట్టుకో ముందు! నేను ప్రాంప్రాం పోతున్నాను. శనివారానికి నాలుగు వందల కెంకేలు కావాలి."

"నేనా? అక్కా, నేను తెడ్డు పట్టి తొమ్మిదేళ్లైంది!"

"ఈ పొయ్యి పక్కన పుట్టినదానివే కదా. ఉప్పు అవ్వనడుగు."

నా గుడ్డ విప్పాను. ఆ నీలం గుడ్డకి పొగ, పులిసిన పిండి, నా చెమట అన్నీ పట్టి ఉన్నాయి. నిద్రమత్తులో ఉన్న పిల్లని అమోకో వీపు మీదికి జార్చి, నేనే చుట్టి, ముందు ముడి వేశాను. పిల్ల అప్పుడే బిగుసుకోవడం మొదలుపెట్టింది.

"వెనక్కి తిరిగి చూడకు" అన్నాను.

"ఏడుస్తుంది కదక్కా."

"ఏడవనీ. నువ్వు ఊరికే నిలబడి ఊగుతున్నావు, ఊగి ఊగి దాని మొహమే చూస్తున్నావు. ఖాళీగా ఉన్న వీపు మీద ఏ పిల్లా నిద్రపోదు. దానికి పని చేసే వీపు కావాలి. నువ్వు నీ పని చూసుకో, అది దాని పని చూసుకుంటుంది. కలుపు!"

అమోకో కలిపింది. భుజాలు కదలగానే పిల్ల తల అటూ ఇటూ ఊగింది. ఏడుపు ఆగలేదు గానీ, తెడ్డు తిరిగినప్పుడల్లా మధ్యలో తెగి మళ్లీ మొదలవుతోంది. దాని చేయి నావైపు చాచి ఉంది. నేను సంచి తీసుకుని ఆ చేతికి అందకుండా గోడవారగా నడిచి బయటికి వచ్చేశాను.

"ఫోను చేయను" అని అవ్వ వెనక నుంచి అరిచింది. "ఎవరైనా చస్తే కబురు పంపుతాం. లేకపోతే లేదు. ఆదివారం విమానాల దగ్గరికి రావాలనుంటే రా. దూరంగా నిలబడు. మొహం చూపించావో, నీ సంగతి చెప్తాను."

సందు మలుపు దాకా ఏడుపు వినపడింది. మలుపు తిరిగాక కూడా వినపడుతున్నట్టే ఉంది. అది నిజమో కాదో ట్రోట్రో వ్యాను ఎక్కేదాకా తేల్చుకోలేకపోయాను.

ప్రాంప్రాం‌లో నేను చేసిందేమీ లేదు. చేపలు ఎండబెడుతుంటే సాయం చేశాను. కూర్చున్నదాన్ని లేచినప్పుడల్లా ముందు వంగి, ఒక చేయి వెనక్కి పెట్టి మరీ లేచేదాన్ని. మా పినతండ్రి కూతురు చూసి, "ఎవర్ని మోస్తున్నావే?" అని అడిగింది. రెండో రోజు సాయంత్రం ఏడింటికి ఫోను తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మోగలేదు. శనివారం మధ్యాహ్నం చావు భోజనాలకి వచ్చినవాళ్లు కెంకేలు తిని ఉంటారా, పిండి సరిగ్గా పులిసిందా, అమోకో చేతులు కాల్చుకుందా అని ఆలోచించాను. పిల్ల గురించి ఆలోచించలేదని చెప్పుకోవడానికి అదొక దారి.

ఆదివారం నాలుగు గంటలకి అక్రాలో విమానాశ్రయం బయట, కార్లు ఆగే చోటికి ఎదురుగా ఉన్న స్తంభం వెనక నిలబడ్డాను. వచ్చేపోయేవాళ్లు నన్ను తోసుకుంటూ పోతున్నారు. ముందు కనబడింది ఆ మూడు చక్రాల బండి. అందులో పిల్ల లేదు. కెంకే మూట, షితో మిరపకారం సీసాలు, పాత పత్రికల్లో చుట్టిన పొగచేపలు ఉన్నాయి, గొడుగు కింద చక్కగా కూర్చుని. దాన్ని తోస్తున్నది అమోకో. ఉన్ని కోటు లేదు. కుడి చేతికి గుడ్డ చుట్టి ఉంది. ఆ చేతి మీద ఆవిరి కొట్టిందని నాకు చూడగానే తెలిసింది, ఆ పని చేసేవాళ్లందరికీ అక్కడే కొడుతుంది. నా నీలం గుడ్డ ఆమె రొమ్ము మీద బిగించి ఉంది. ముడి నేను వేసేలా వేసింది.

పిల్ల మొహం నాకు కనపడలేదు. ఏడుపు కూడా వినపడలేదు.

అమోకో లోపలికి పోయే తలుపు ముందు సామాన్ల వరసలో నిలబడింది. కాగితాలు వెతుక్కుంటూ తలెత్తినప్పుడు నన్ను చూసింది. నోరు తెరవబోయింది. నేను తల అడ్డంగా ఊపాను, వద్దని. ఆమె ఒక్క క్షణం అలాగే చూసి, ఏమీ జరగనట్టు, సంచి సర్దుకోవడానికి అన్నట్టు, నావైపు వీపు తిప్పి నిలబడింది.

నోర్లే మెలకువగానే ఉంది. కుడి చెంప తల్లి వీపుకి ఆనించి, కెంకే ముక్క నములుతోంది. దాని చూపు మనుషుల మీదుగా, పెట్టెల మీదుగా తిరిగి తిరిగి నా దగ్గర ఆగింది. నేను స్తంభం వెనక్కి పోవాల్సింది. పోలేకపోయాను. కదలకుండా, మొహం మాత్రమే కనిపించేలా నిలబడ్డాను. పిల్ల నమలడం ఆపింది. కనుబొమలు ముడిచి చాలాసేపు చూసింది. ఇప్పుడు చేతులు చాచిందంటే, కేక పెట్టిందంటే, అమోకో మూడు రోజులు కాల్చుకున్న చేతులు వృథా.

చాచింది. ఒక్క చెయ్యే. రెండు చేతులూ చాచితే ఎత్తుకోమని, ఒకటైతే తినమని. నానిన కెంకే ముక్క పట్టుకున్న ఆ చెయ్యి గుడ్డ అంచు మీదుగా నాకేసి వచ్చి, ఆగింది.

అద్దానికి పూసేటప్పుడు ఎలా ఎదురుచూసేదో అలాగే ఎదురుచూసింది.

నేను నోరు తెరిచాను. "ఆం" అన్నాను, పైకి వినపడకుండా.

నోర్లేకి అది చాలినట్టుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ ముక్క తనే తినేసి, చెంప మళ్లీ తల్లి వీపుకి ఆనించుకుంది. వరస కదిలింది. అమోకో బండి తోసుకుంటూ ముందుకి నడిచింది, వెనక్కి తిరిగి చూడకుండా.